నోనుటావాకు దక్కిన వాక్యం

క్లినిక్‌లో ఫ్రిజ్ ఆగిపోయింది ఒక మంగళవారం నాడు. ఆ సంగతి గురువారం మధ్యాహ్నానికి గాని ఎవరికీ తెలియలేదు. నర్సు తెబికా ఆ రెండు రోజులూ దీవి ఉత్తరపు కొసన పసిపిల్లల్ని తూచడానికి వెళ్ళింది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఫ్రిజ్ లోపల, బయటికన్నా వెచ్చగా ఉంది. పైన రేకుల కప్పు. మూడేళ్ళ క్రితం ఎవరో దాతలు పాత మొగలాకు కప్పు పీకించి దాన్ని వేయించారు. ఎంత పెద్ద తుపానుకైనా చెక్కుచెదరదని గోడకు పలక కూడా బిగించారు. నోనుటావా దీవికి తుపానులు రావు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో తుపాను తిరగదని కైటారా మాస్టారు ఆరో తరగతికి ఏటా పాఠం చెబుతాడు. కాబట్టి ఆ కప్పు ఇంతవరకూ ఒక్క తుపానుకు కూడా ఓడిపోలేదు.

ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసాలు పదకొండు ఉన్నాయి. అందులో ఆరు కైటారా భార్య ఒటియావి. తెబికా వాటిని గుడ్డలో మూటగట్టి తాడుతో బావిలోకి దించింది. పగడపు దీవిలో బావి అంటే ఎంత లోతు? నిలబడితే నడుము దాకా. నీళ్ళు స్నానానికి కాచినంత హాయిగా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత సీసాలు పైకి తీసి చూస్తే మందు ఎప్పటిలాగే తేటగా ఉంది. చెడిపోయిన మందు చెడిపోయినట్టు కనపడదు. అదే సీసాల్లోంచి ఒటియా పూటపూటా సూది వేసుకుంది.

విమానం మరమ్మతులో ఉంది. ఓడ ఇరవై రెండో రోజున వస్తుందని రేడియోలో చెప్పారు. అన్నమాట ప్రకారం ఇరవై రెండో రోజునే వచ్చింది. ఒటియా పంతొమ్మిదో రోజున పోయింది.

తర్వాతి సోమవారం కైటారా బడికి వెళ్ళి హాజరు పిలిచాడు.

ఎనిమిది నెలలకు దేశ వాతావరణ ప్రణాళిక వాళ్ళు వచ్చారు. ఇద్దరే. ఒకరు మార్గో అనే నిపుణురాలు. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి చల్లదనం గురించి ఇక్కడివాళ్ళకు చెప్పడానికి వచ్చింది. రెండోవాడు బౌరో. రాజధానిలో వాతావరణ విభాగంలో ఉద్యోగి, ఒటియా పెద్దమ్మ కొడుకు. ఒటియాకు తమ్ముడు, కైటారాకు బావమరిది. లోకం వేడెక్కుతోంది కనుక ప్రతి దేశమూ తన ప్రణాళికలో చల్లదనానికి ఒక అధ్యాయం కేటాయించాలట. ఇళ్ళు ఎలా చల్లబరుస్తారు, చేపలు ఎలా నిలవ ఉంచుతారు, మందులు ఎక్కడ దాస్తారు, అవన్నీ భూమికి చెరుపు చేయకుండా ఎలా చేస్తారు అన్నది అందులో రాయాలి. అందులో ఉన్నవాటికే బయటి దేశాలు డబ్బిస్తాయి. లేనివాటికి సానుభూతి ఇస్తాయి.

ఆ మాట విన్నప్పుడు కైటారాకు క్లినిక్ మూలన ఖాళీగా ఉన్న నాలుగు చదరపుటడుగుల నేల గుర్తొచ్చింది. అతనికి కావలసింది అంతే. అక్కడొక ఫ్రిజ్. ఒటియాకు ఇక అక్కర్లేదు. ఆ సూది అవసరమైనవాళ్ళు దీవిలో మరో నలుగురున్నారు.

సభ మానేబాలో పెట్టారు. మానేబా అంటే ఊరందరి కొట్టం. మొగలాకు కప్పు నేలకు అంత దగ్గరగా దిగి ఉంటుంది కనుక మంత్రి అయినా వంగే లోపలికి రావాలి. ఏ కుటుంబం ఏ స్తంభం దగ్గర కూర్చోవాలో తాతల నాడే తేలిపోయింది. కైటారాది వేరే దీవి. పెళ్ళి చేసుకుని వచ్చాడు కనుక ఒటియా వాళ్ళ చోట కూర్చుంటాడు. ఆమె పోయాక కూడా లెమ్మని ఎవరూ అనలేదు, అక్కడే కూర్చుంటున్నాడు. అలా కూర్చున్నవాడు పెద్దల మాటకు ఎదురు చెప్పడు. పైగా ఆనాడు అతను దుబాసీ. దుబాసీకి నోరు రెండు భాషల్లో ఉంటుంది, మాట ఒక్కదాన్లోనూ ఉండదు.

అతిథుల మెడలో దండలు పడ్డాయి. కల్లుపాకం కలిపిన నీళ్ళు, కాల్చిన సీమపనస, కొబ్బరిపాలలో ఉడికిన చేమదుంప వచ్చాయి. ఇక్కడ అతిథి తింటుంటే వెనక కూర్చుని విసరడం మర్యాద. మార్గో వెనక ఇద్దరు ఆడవాళ్ళు కొబ్బరాకు విసనకర్రలతో కూర్చున్నారు. ఆమె తిన్నంతసేపూ విసిరారు. తినడం అయ్యాక రాసుకుంటుంటే కూడా విసిరారు. నాలుగు గంటలపాటు ఆమె నుదుట చెమట చుక్క నిలవలేదు.

"వేడి వల్ల మీకు ఎలాంటి ఇబ్బందులు కలుగుతున్నాయి?" అని మార్గో అడిగింది. కైటారా అదే అడిగాడు.

 పెద్దల్లో అందరిలోకీ వయసు మళ్ళిన రితేటి తాత గొంతు సవరించుకున్నాడు.

"పాపం ఆ పిల్ల సముద్రాలు దాటి ఇంత ఎండలో వచ్చింది. ఇబ్బంది ఆమెకా, మాకా? ఇంకో బోండాం కొట్టివ్వండ్రా ఆమెకి."

"మీ సంగతి అడుగుతోంది తాతా."

"మాకేం లోటు? నీడ ఉంది, గాలి ఉంది, దేవుడున్నాడు. ఏ లోటూ లేదని చెప్పు మాస్టారూ. అతిథి ముందు కూర్చుని ఏడిచే ఇల్లు కాదు మనది."

 ఎదుటి స్తంభం దగ్గర తెబికా అతని వంకే చూస్తోంది. ఇరవై రెండేళ్ళుగా అతను పిల్లలకు చెప్పేది ఒకటే: ఉన్నది రాయండి, లేనిది కలపకండి.

"ఏ లోటూ లేదంటున్నారు," అన్నాడు ఇంగ్లీషులో.

మార్గో రాసుకుంది. ఆమె తప్పేమీ లేదు. చెప్పింది రాసింది, తగిలిన గాలిని నమ్మింది. వెళ్ళేముందు ఇద్దరు ఆడవాళ్ళనూ కౌగిలించుకుని, ఊళ్ళో ఇలాంటి విసనకర్రలు ఎన్ని ఉంటాయని ఆసక్తిగా అడిగింది. ఎవరో లెక్కపెట్టి చెప్పారు.

నాలుగు నెలల తర్వాత ఓడలో ప్రణాళిక ముసాయిదా వచ్చింది. దళసరి కాగితం, రంగుల అట్ట, దీవికి నలభై ప్రతులు. అదే ఓడలో రావలసిన బడి సుద్దముక్కలు చోటు చాలక ఆగిపోయాయి. కైటారా ఒక ప్రతి తీసుకుని క్లినిక్‌కు వెళ్ళాడు. రేకుల కింద కూర్చోలేక తెబికా రోగుల్ని బయట చెట్టు కింద చూస్తోంది. రితేటి తాత మోకాలికి తైలం రాయించుకుంటున్నాడు.

"చదువు మాస్టారూ, మన గురించి ఏం రాశారో," అన్నాడు తాత.

కైటారా అరవై ఒకటో పేజీ తీసి, బడిలో చదివినట్టే నిదానంగా చదివాడు. నోనుటావాలో చల్లదనపు అవసరాలన్నీ సంప్రదాయ పద్ధతుల్లోనే తీరుతున్నాయి. ఆ పద్ధతులకు కరెంటు అక్కర్లేదు, పొగ రాదు. ప్రస్తుతం దీవిలో ఉన్న విసనకర్రలు రెండు వందల పద్నాలుగు. ఆరేళ్ళలో వాటిని రెండు వందల ఎనభైకి పెంచడం లక్ష్యం. విసిరే మహిళలకు రెండు రోజుల శిక్షణ ఉంటుంది.

"రెండు వందల పద్నాలుగేనా? మా కోడలివి రెండు లెక్కలోకి రాలేదు. చెప్పాలి వాళ్ళకి," అన్నాడు తాత.

"శిక్షణలో ఏం నేర్పుతారో! ఇన్ని రోజులూ తలకిందులుగా విసురుతున్నామేమో," అంది తెబికా. "మాస్టారూ, ఎంతసేపు విసిరితే ఇన్సులిన్ చల్లబడుతుందో అందులో రాశారేమో చూడండి."

కైటారా మొదటి నుంచి మళ్ళీ చూశాడు. రాయలేదు. యాభై ఎనిమిదో పేజీలో మాత్రం రాజధాని సచివాలయంలోని నలభై ఆరు ఏసీలు తీసేసి, ఆకాశానికి హాని చేయని కొత్త రకం ఏసీలు పెడతారని ఉంది. మంచి పనే. పాత ఏసీల్లోని వాయువు ఎంత చెడ్డదో అతనికి తెలుసు. అది ఏడో తరగతి పాఠం. ఫైళ్ళు చెడిపోకుండా ఉంటాయి.

తైలం రాయడం ఆగింది. తాత ముఖం తిప్పుకుని దీవి నడుమ ఉప్పునీటి సరస్సు వైపు చూస్తున్నాడు.

"నేనన్నది మర్యాదకి మాస్టారూ," అన్నాడు. "వచ్చినవాళ్ళతో ఎవరైనా ఏమంటారు? రండి, కూర్చోండి, మాకేం లోటు లేదు. అంతేగా! దాన్ని పట్టుకుని రాసేసుకుంటారని ఎవరనుకున్నారు?"

"అచ్చు కూడా వేశారు తాతా," అంది తెబికా. "తమరిప్పుడు ప్రభుత్వ విధానం."

"నా మాట నేను వెనక్కి తీసుకుంటే?"

 మానేబాలో పెద్దమనిషి ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఇంతవరకూ జరగలేదు. అలా తీసుకుంటే కప్పు నెత్తిన కూలుతుందని పిల్లలకు చెబుతారు. పిల్లలు నమ్మరు. పెద్దలు నమ్ముతారు.

"తీసుకోలేను," అని తాతే తేల్చాడు. "కానీ నువ్వు అడగొచ్చు. ముసాయిదా బాగుందని సంతకాలు పెట్టించుకోవడానికి బౌరో వస్తాడటగా. వాడు నీకు బావమరిది. వాడిని బుబుసి అడుగు."

బుబుసి అంటే ఇంకేం లేదు, నోరు తెరిచి అడగడం. చుట్టం చుట్టాన్ని "నీ దగ్గరున్న ఫలానాది నాకు కావాలి" అని అడిగితే కాదనకూడదు. కాదన్నవాడి పేరు మనవల కాలం దాకా మాసిపోదు. కైటారా ఇంతవరకూ ఎవరినీ ఏమీ అడగలేదు. అతన్ని మాత్రం అందరూ అడిగారు. అలా ఒక సైకిలు, రెండు చొక్కాలు, ఒక వలా వెళ్ళిపోయాయి. "ఇంకా నయం, నన్ను ఎవరూ అడగలేదు," అని ఒటియా ఎగతాళి చేసేది.

"అడగడానికి ఒక నియమం ఉంది," అన్నాడు తాత. "ఎదుటివాడి దగ్గర లేనిది అడిగితే సిగ్గు నీకే. వాడి దగ్గర ఏముందో ముందు చూసుకో."

కైటారా వారం రోజులు ఆలోచించాడు.

బౌరో బాగుపడ్డ విమానంలో దిగాడు. కొత్త చొక్కా, నల్ల కళ్ళద్దాలు, చేతికి లావుపాటి గడియారం. మానేబాలో అందరూ కూర్చున్నాక సంతకాల కాగితం తీసి చాప మీద పరిచాడు. బౌరో వెనక కూడా ఇద్దరు విసురుతున్నారు. కైటారా లేచి నిలబడ్డాడు.

"బౌరో, నిన్నొక బుబుసి అడుగుతున్నాను."

విసనకర్రలు ఆగాయి. బౌరో గడియారమున్న చేతిని మెల్లగా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అడుగు బావా."

"ఫ్రిజ్ అడుగుదామనుకున్నాను. నీ దగ్గర ఫ్రిజ్‌లు లేవు. డబ్బు అడుగుదామంటే అది ఖజానాది. నీ దగ్గర ఉన్నవి వాక్యాలు. నాకొక వాక్యం ఇవ్వు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. బౌరో చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది.

"ఇంతేనా! ఒకటేం, నాలుగు తీసుకో బావా."

కైటారా నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం అతని ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: నోనుటావా క్లినిక్‌లో మందులు చల్లగా ఉంచడానికి, ఎండతో నడిచే ఫ్రిజ్ ఒకటి, వచ్చే ఏడాది ఆఖరులోగా ప్రభుత్వం పెడుతుంది.

బౌరో చదివి కళ్ళద్దాలు తీశాడు.

"బావా, ఇది మంచి వాక్యమే. కానీ మొత్తం నాది కాదు. 'ప్రభుత్వం' అన్నది మంత్రిగారిది. అది నేనివ్వలేను."

"తీసెయ్."

"'వచ్చే ఏడాది' ఖజానా వాళ్ళది. తారీఖులు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు వాళ్ళు."

"ఇంకా?"

"'పెడుతుంది' అని తెగేసి చెప్పకూడదు. 'పెట్టు అవకాశము పరిశీలించబడును' అందాం. అది నా సొంతం. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను."

"ఒరే బౌరో," అంది తెబికా, "'ఫ్రిజ్' అన్న మాటైనా నీదేనా? దానికీ వేరే యజమాని ఉన్నాడా?"

"అది ఉంచుకోవచ్చక్కా," అన్నాడు బౌరో నవ్వబోతూ.

"నాకు పరిశీలన వద్దు," అన్నాడు కైటారా. గొంతు పెంచలేదు. "మీ అక్కని తెబికా రోజుకు నాలుగుసార్లు పరిశీలించింది. పంతొమ్మిది రోజులు. పుస్తకంలో రాసే ఉంది, కావాలంటే చూపిస్తుంది."

 బౌరో చాప అల్లికలో ఒక మొగలిపీచును గోటితో గీరుతూ ఉండిపోయాడు. చిన్నప్పుడు తల్లి రాజధానిలో ఆసుపత్రిలో ఉంటే, అతన్ని రెండేళ్ళు ఈ దీవిలోనే పెంచింది ఒటియా. ఆ సంగతి కైటారా అనలేదు. అక్కడున్న ఎవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

"'పెట్టబడును' ఇస్తాను బావా," అన్నాడు బౌరో. "ఎవరు, ఎప్పుడు అన్నది లేకుండా. అంతకుమించి నా దగ్గర నిజంగా లేదు."

"చాలు."

"చాలేమిటి మాస్టారూ!" అని తెబికా అంటుండగానే రితేటి తాత చేయెత్తాడు.

"అడిగాడు, ఇచ్చాడు. అయిపోయింది. విసరండమ్మా."

విసనకర్రలు మళ్ళీ కదిలాయి. అందరూ సంతకాలు పెట్టారు.

మర్నాడు పొద్దున విమానం దగ్గర బౌరో కైటారా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నేనూ ఒక బుబుసి అడగాలి. ఆ పేజీలో ఒక మనిషి ముఖం వేద్దామంటున్నారు పైవాళ్ళు. ముఖం ఉంటే డబ్బిచ్చేవాళ్ళ మనసు కరుగుతుందట. అక్క ఫోటో ఇవ్వు."

ఉన్నది ఒకటే. ఎవరిదో పెళ్ళిలో తీసింది. మానేబా అంచున కూర్చుని, చేతిలో విసనకర్ర ఉన్న సంగతే మరచిపోయి, ఫోటోలో లేని ఎవరినో చూసి ఒటియా నవ్వుతోంది. కైటారా ఇంటికి నడిచి వెళ్ళి, గోడనుంచి దాన్ని తీసి, నడిచి వచ్చి ఇచ్చాడు. కాదనే ఆచారం లేదు.

ప్రణాళికను ఏదో దూరదేశంలో, దేశదేశాల వాళ్ళ సభలో విడుదల చేశారు. ఆ హాలు ఎంత చల్లగా ఉందో బౌరో ఫోన్లో చెప్పాడు. లోకం వేడెక్కడం గురించి మాట్లాడినంతసేపూ పళ్ళు టకటకలాడాయట. పక్క దేశం వాళ్ళ కోటు అరువు తెచ్చుకున్నాడట.

"నీ వాక్యం చదివారు బావా, చప్పట్లు కొట్టారు. అక్క ఫోటో తెరమీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేశారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది."

"ఫ్రిజ్ సంగతి ఏమన్నారు?"

"చాలా మంచి వాక్యం అన్నారు."

అచ్చయిన ప్రతులు మూడు నెలలకు చేరాయి. ఈసారి అరవై. కైటారా బడి వదిలాక, ఖాళీ తరగతి గదిలో కూర్చుని తీశాడు. అరవై ఒకటో పేజీలో వాక్యం ఉంది. ఎండతో నడిచే ఫ్రిజ్ ఒకటి పెట్టబడును. ఆఖరున చిన్న నక్షత్రపు చుక్క గుర్తు. పేజీ అడుగున అదే గుర్తు పక్కన, చీమతల అక్షరాల్లో, 'బయటి సహాయము లభించినచో' అని ఉంది. రెండు వందల ఎనభై విసనకర్రల కింద మాత్రం ఏ చుక్కా లేదు. వాటికి ఎవరి సహాయమూ అక్కర్లేదు.

ఎదురు పేజీ నిండా ఒటియా. అచ్చు బాగా వచ్చింది. ముందు పళ్ళలో వంకర కూడా తెలుస్తోంది. ఫోటో కింద ఒక వరుస ఉంది: 'సంప్రదాయ శీతలీకరణలో మహిళల పాత్ర.'

కైటారా ఆ వరుసను రెండుసార్లు చదివాడు. జేబులో ఎర్ర కలం ఉంది. తీయలేదు. ఒక్క ప్రతిలో దిద్దితే మిగతా యాభై తొమ్మిదీ అలాగే ఉంటాయి. తెల్లకాగితం తీసుకుని వాతావరణ విభాగానికి ఉత్తరం రాశాడు.

'అరవయ్యో పేజీలో ఉన్నది నా భార్య ఒటియా. ఆమె విసరడం లేదు, నవ్వుతోంది. ఫ్రిజ్ పాడైనందువల్ల ఇన్సులిన్ చెడిపోయి ఆమె మరణించింది. ఫోటో కింద అది రాయవలసిందిగా కోరుతున్నాను.'

ఇంకా ఏదైనా చేర్చాలా అని చాలాసేపు చూశాడు. ఏమీ చేర్చలేదు.

ఐదు వారాలకు జవాబొచ్చింది. తమ విలువైన సూచనకు కృతజ్ఞతలు. అది నూట ఏడో సూచనగా నమోదైంది. ప్రణాళికను ఐదేళ్ళకోసారి సవరిస్తారు. అప్పుడు తప్పక పరిశీలించబడును. కింద సంతకం బౌరోది కాదు. బౌరోకు పదోన్నతి వచ్చి వేరే గదికి మారాడట. ఆ గదిలో కొత్త రకం ఏసీ ఉందట.

విసనకర్రల శిక్షణ అనుకున్న తేదీకే జరిగింది. రాజధాని నుంచి ఇద్దరు అమ్మాయిలొచ్చి రెండు రోజులు నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు వాళ్ళ వెనక కూర్చుని రెండు రోజులూ విసిరారు. దీవిలో ఇప్పుడు మూడు వందల పైచిలుకు విసనకర్రలున్నాయి. ఆరేళ్ళ లక్ష్యం ఏడాదిలోనే దాటినందుకు నోనుటావాకు ప్రశంసాపత్రం వచ్చింది. మానేబాలో ఎక్కడ తగిలించాలని అడిగితే, "నా కంటికి కనపడని చోట," అన్నాడు రితేటి తాత. మానేబాకు గోడలు లేవు. పత్రం కైటారా ఇంట్లో ఫోటో ఉండే మేకుకు తగిలించమన్నారు కొందరు. అతను వద్దన్నాడు. బుబుసి కానిదాన్ని కాదనవచ్చు.

సూది అవసరమైన ఆ నలుగురూ రాజధానికి వెళ్ళిపోయారు. అక్కడ చుట్టాల ఇళ్ళలో, వరండాల్లో పడుకుంటున్నారు. వాళ్ళలో ఒకామె ప్రతి ఓడకూ తెబికాకు చీటీ పంపుతుంది, ఇక రావచ్చా అని. తెబికా ఆ చీటీలు తెచ్చి కైటారాకిస్తుంది. జవాబు అతనే రాస్తాడు, ఇంకా వద్దని.

క్లినిక్‌లో ఫ్రిజ్ ఇంకా పెట్టలేదు.